మనవాళ్ళుండగా పరాయివాళ్ళెందుకు?

పరాయి దేశాల నుంచి పనికొచ్చినవాళ్ళను తిరిగి పంపించెయ్యడం దేశ ఆరోగ్యానికి చాలా మంచిది. ఈ మాట ఆవేశంలో రాస్తున్నది కాదు. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ కూర్చున్నాను.

మహమ్మారి పోయింది. దాంతోపాటు, అన్నాళ్ళూ మనకు చాకిరీ చేసిన వాళ్ళలో సగంమంది పోయారు, మిగిలినవాళ్ళను మనం పొమ్మంటున్నాం. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నారు పెద్దలు. ఆ సామెతను రూలుగా మార్చిన ఘనత మనదే!

ఫలితాలు చూడండి. డ్రైవర్లు లేక మా వీధికి మూడు బస్సులకు ఒక్కటే వస్తోంది. అందరం నడుస్తున్నాం. నా పొట్ట రెండంగుళాలు తగ్గింది. ఏ డాక్టరైనా ఇంత మేలు చేశాడా? అసలు డాక్టరేడీ? నా మోకాలి నొప్పికి ఏడు నెలల తర్వాత అపాయింట్‌మెంట్ ఇచ్చారు. ఆ లోపు నొప్పికే విసుగు పుట్టి పోతుందని నా నమ్మకం.

కోసేవాళ్ళు లేక తోటల్లో పళ్ళన్నీ చెట్లమీదే మిగిలిపోయాయి. పక్షులు తిని తిని, ఎగరలేక నడుస్తున్నాయి. వాటికీ బస్సుల్లేవు! ఇంతటి భూతదయ మునుపెన్నడైనా చూశామా?

పక్కింటాయన కడుతున్న ఇంటికి పైకప్పు సగంలో ఆగింది, తాపీమేస్త్రీ వీసా అయిపోయి. ఇప్పుడాయన ప్రార్థనలు ఏ అడ్డూ లేకుండా నేరుగా పైకి పోతున్నాయి. నావి మా ఇంటి స్లాబు దగ్గరే ఆగిపోతున్నాయేమోనని ఈమధ్య చిన్న సందేహం.

ఇక దాచడమెందుకు, మా ఇంట్లోనూ ఒక పరాయి మనిషి ఉంది.

మా అమ్మకు ఎనభై మూడేళ్ళు. కాళ్ళు స్వాధీనంలో లేవు. ఆమెను లేపి, ఒళ్ళు తుడిచి, కుర్చీలో కూర్చోబెట్టే నర్సమ్మ సముద్రం అవతలి నుంచి వచ్చింది. నాలుగేళ్ళుగా మాతోనే ఉంది. ఈ నెలాఖరుకు ఆమె పర్మిట్ అయిపోతుంది. పొడిగించాలంటే కొత్త రూలు ఒకటుంది: ఆ ఉద్యోగానికి మేము ముందుగా నెల రోజులపాటు ప్రకటన ఇవ్వాలి. మనవాళ్ళలో ఒక్కరు దరఖాస్తు పెట్టినా సరే, నర్సమ్మ పెట్టె సర్దుకోవాలి.

ప్రకటన ఇచ్చాను. ఇరవై తొమ్మిది రోజులు ఈగ కూడా వాలలేదు. ముప్ఫయ్యో రోజున ఒక దరఖాస్తు వచ్చింది. ఎవరిదనుకున్నారు? మా బావమరిదిది!

వీధిలో అందరూ అతన్ని 'కంచె' అంటారు. ఏ కబురు మొదలుపెట్టినా సరిహద్దుకు కంచె వెయ్యాలన్న దగ్గరే ముగిస్తాడు. లిఫ్టుల తనిఖీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. ఏది ఎంత బరువు ఎత్తగలదో ముప్ఫయ్యేళ్ళు సర్టిఫికెట్లిచ్చినవాడు.

నీకీ పనెందుకురా అని అడిగాను.

"పని కోసం కాదు బావా. మనవాళ్ళెవరూ దొరకలేదని నువ్వు రాయకూడదు, అంతే."

మా ఆవిడ తమ్ముణ్ణి ఒకరోజు ట్రయల్‌కి రమ్మంది. ఏడింటికి రమ్మంటే పదిన్నరకు వచ్చాడు, నడిచి. మంచానికీ కుర్చీకీ మధ్య మూడడుగుల దూరం. ఎత్తేముందు మోకాళ్ళు వంచాలని నర్సమ్మ చూపించబోయింది. లిఫ్టుల గురించి తనకు చెప్పేదేమిటన్నట్టు చూసి, నిటారుగా నిలబడి, నడుం దగ్గర వంగి, అమ్మ చంకల కింద చేతులు పెట్టి లేపబోయాడు.

అమ్మ మంచం మీదే ఉంది. కంచె నేలకొరిగింది.

సాయంత్రానికి మా సోఫాలో బోర్లా పడుకుని ఉన్నాడు. నర్సమ్మ అమ్మకు మందులిచ్చి వచ్చి, వేడినీళ్ళ సంచితో అతని నడుముకు కాపడం పెడుతోంది. చూశారా, ఒక్క రోజులో ఒక ఉద్యోగం రెండు ఉద్యోగాలైంది! ఆర్థికవేత్తలు గమనించగలరు.

ఇకనైనా దరఖాస్తు వెనక్కి తీసుకోమన్నాను.

"నడుం వేరు, సూత్రం వేరు బావా," అన్నాడు దిండులోకి. వెంటనే గొంతు తగ్గించి, "ఇంకొంచెం ఎడం పక్కకమ్మా," అన్నాడు.

అప్పుడు కుర్చీలోంచి అమ్మ అందుకుంది.

"ఏం నాయనా, నాకు ఆ మహమ్మారి జబ్బు తగిలితే పద్దెనిమిది రోజులు గది తలుపు మూశారు. లోపల నాతో ఉన్నది ఈ పిల్లొక్కతే. నీ దరఖాస్తు అప్పుడు పెట్టకపోయావా?"

సోఫాలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి పెన్ను అడిగింది. బోర్లా పడుకునే, దరఖాస్తు ఉపసంహరించుకుంటున్నానని రాసి సంతకం చేశాడు.

నేను గెలిచినట్టే కదా? మరి అలా అనిపించదేం? అమ్మ అడిగింది అతన్ని, చూసింది నన్ను. ఆ పద్దెనిమిది రోజులూ పూటపూటా అమ్మ కంచం గుమ్మం బయట పెట్టి, తలుపు తట్టి, పరుగెత్తిన కొడుకును నేనే. పరుగెత్తి ఏం చేశాను? అమ్మను చల్లగా చూడమని దేవుడికి మొక్కాను. ఆయన అప్పటికే ఒక మనిషిని లోపలికి పంపాడన్న సంగతి నాకు తట్టలేదు.

మర్నాడు పర్మిట్ ఆఫీసుకు వెళ్ళాను. పన్నెండు కిటికీల్లో ఒక్కటి తెరిచి ఉంది. ఫారంలో చివరి గడి: 'స్థానికులు ఈ పనికి దొరకకపోవడానికి కారణం.' జీతాలు, శిక్షణ, జనాభా అంటూ అరపేజీ రాసుకెళ్ళాను. గుమస్తా కాగితం వెనక్కి నెట్టాడు.

"గడి దాటకూడదండీ. ఒక్క మాటలో రాయండి."

'భయం' అని రాశాను.

ఆయన అది చదివి, నా మొహం వంక చూసి, ముద్ర వేశాడు. రెండేళ్ళు పొడిగించారు.

అవి అయ్యాక మళ్ళీ ప్రకటన ఇవ్వాలట. మనవాళ్ళంతా తప్పకుండా దరఖాస్తు పెట్టాలని నా మనవి. ఒక్కటే విన్నపం: అనుభవం అన్నచోట తలుపు బయట నిలబడ్డ రోజులు రాయకండి. అలాంటివి నాకే పద్దెనిమిది ఉన్నాయి.