గేటు నుంచి వంటగది దాకా ఒక కణం

పరీక్ష పదింటికి. ఎనిమిదింటికి గేటు దగ్గర మొదలుపెట్టి వంటగది దాకా ఒక్కసారి నడుస్తూ పాఠమంతా తిరగెయ్యాలి, తొమ్మిదిన్నరకి స్కూటరెక్కాలి. సీసాలక్క ఆ ఉదయం వేసుకున్న పథకం ఇంతే. అందులో తాడు లేదు, ఇన్‌స్పెక్టరు లేడు, బ్లీచింగ్ పౌడరు డబ్బా అంతకన్నా లేదు.

ఆసుపత్రి ల్యాబులో పద్దెనిమిదేళ్లుగా గాజుసీసాలు కడుగుతోంది కాబట్టి ఆవిడ అందరికీ సీసాలక్క. టెక్నీషియన్ ఉద్యోగం కోసం నోటి పరీక్షకి నాలుగుసార్లు వెళ్లింది, నాలుగుసార్లూ తప్పింది. చదవక కాదు. ల్యాబు పెద్ద డాక్టరు గదిలో ఆయన ఎదురుగా కూర్చోగానే చదివినదంతా గొంతులోనే ఆగిపోతుంది. నిరుడు ఆయన "బాక్టీరియాలో కేంద్రకం ఎక్కడుంటుంది?" అని అడిగితే, అసలు ఉండదని తెలిసి కూడా, "తమరెక్కడంటే అక్కడే సార్" అని వచ్చింది. వయసు లెక్కన ఇదే ఆఖరి అవకాశం. ఇదీ తప్పితే రిటైరయ్యేదాకా సీసాలే.

అందుకే కూతురు ఒక ఉపాయం ఆలోచించింది. ఆ అమ్మాయి హైస్కూల్లో సైన్సు టీచరు. "అమ్మా, నీకు పుస్తకం గుర్తుండదు గానీ ఇల్లు గుర్తుంటుంది కదా. మన ఇల్లే బాక్టీరియా అనుకో," అని ముందురోజు సాయంత్రం ఇల్లంతా చీటీలు అంటించేసింది. గేటుకి 'బాక్టీరియా కణం'. గోడకి 'కణకవచం'. స్కూటరుకి 'కశాభం: కణాన్ని ముందుకి నడుపుతుంది'. పొయ్యికి 'రైబోజోము: ప్రోటీన్లు తయారుచేస్తుంది'. గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని ఆరాతీసే అత్తగారి కుర్చీకి 'ప్లాస్మా పొర: కావలసినవాటినే లోపలికి రానిస్తుంది'. మామగారు ముప్పై ఏళ్లు రాత్రి కాపలా కాసి రిటైరైన మనిషి. ఆ అలవాటు పోక ఇప్పటికీ పొద్దున్నే తలదాకా దుప్పటి కప్పుకుని పడుకుంటారు. ఆయన మంచానికి 'అంతస్సిద్ధబీజం: గడ్డుకాలంలో మందపాటి కవచం కప్పుకుని పడుకుంటుంది. వేడికీ మందులకీ ఓ పట్టాన చావదు. పరిస్థితులు అనుకూలిస్తే లేస్తుంది'. ఇంటాయన లారీ డ్రైవరు కావడంవల్ల చీటీకి దొరకలేదు.

ఒక్క చీటీ మాత్రం ఉదయం కనిపించలేదు.

"డీఎన్ఏ ఎక్కడ పెట్టావే?" అంది సీసాలక్క, కూతురు జడ వేస్తుంటే.

"ఉండాల్సిన చోటే ఉందమ్మా. వెతుక్కో."

చిక్కంతా పెరటి గోడ మీది చీటీతో వచ్చింది. పక్కింటి టైలరమ్మకీ సీసాలక్కకీ గిన్నెలు చేతులు మారేది ఆ గోడ మీదే. ఎనిమిదింపావుకి టైలరమ్మ నిన్నటి కూరగిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి చదివింది: 'పిలస్: పక్క కణానికి ఇక్కడినుంచే అంటుకుంటుంది. మందులకు లొంగని గుణం ఇటునుంచే అవతలికి పోతుంది.'

నిన్న ఆ కూర తిన్న దగ్గర్నుంచీ టైలరమ్మకి కడుపులో గడబిడగానే ఉంది. తిన్నది రెండు గిన్నెలన్న సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. వీధిలోకి వెళ్లి గేటు మీది చీటీ కూడా చదువుకుని, చేతిలో గిన్నెతోనే ఆరోగ్యశాఖకి ఫోన్ చేసింది.

అరగంటలో ఇన్‌స్పెక్టరు దిగాడు. ఉద్యోగంలో చేరి ఇరవై రోజులైనా ఇంకా ఒక్క రోగాన్నీ పట్టుకోలేకపోయానన్న దిగులుతో ఉన్న కుర్రవాడు. గేటు చీటీ చూడగానే అతని ముఖం వెలిగింది.

"అమ్మా, లోపల ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

"నువ్వెవరి తాలూకు?" అంది అత్తగారు, కుర్చీలోంచి కదలకుండా.

"ఆరోగ్యశాఖ."

"మాకు ఆరోగ్యం ఉంది. అక్కర్లేదు."

ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి తొంగిచూశాడు. మంచం మీద కదలని దుప్పటి కనిపించింది, మంచానికి చీటీ కనిపించింది.

"ఆ పెద్దాయన ఎన్నాళ్ల నుంచి ఇలా ఉన్నారు?"

"రిటైరైనప్పటి నుంచీ."

"అసలు కదలరా?"

"భోజనానికి కదులుతారు."

"మందులేమైనా వాడారా?"

"ఆ మనిషి మీద ఏ మందూ పనిచెయ్యదు నాయనా. యాభై ఏళ్లుగా చూస్తున్నాను."

ఇన్‌స్పెక్టరు ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు. పది నిమిషాల్లో ఇంటి చుట్టూ ఎర్రతాడు, తాడు పొడుగునా తెల్లటి బ్లీచింగ్ గీత వెలిశాయి. వంటగదిలో రైబోజోముల దగ్గరున్న సీసాలక్క చప్పుడు విని పరుగెత్తుకొచ్చింది.

"బాబూ, ఇదంతా పాఠం! పదింటికి నాకు ఆసుపత్రిలో నోటి పరీక్ష ఉంది."

"ఇంట్లోవాళ్లు ఏదో ఒక వంక చెబుతారని ట్రైనింగులో చెప్పారమ్మా. మీ వంక మాత్రం కొత్తగా ఉంది."

"ఆ చీటీలు రాసింది నేనేనండీ, నేను సైన్సు టీచర్ని," అంది కూతురు.

"అయితే మీకు ముందే తెలుసన్నమాట," అని అతను పుస్తకంలో రాసుకున్నాడు. ఆ అమ్మాయి చీటీ పీకబోతే "సాక్ష్యం ముట్టుకోకండి" అన్నాడు.

కబురుకి కాళ్లుంటాయి. వీధి చివరికి చేరేసరికి దుప్పటి కింద మనిషి ఇద్దరయ్యారు. అమ్మాయి పనిచేసే బడికి చేరేసరికి నలుగురయ్యారు. బడివాళ్లు కంగారుపడి సెలవిచ్చేశారు. సెలవు దొరికిన పిల్లలంతా తాడు చూడ్డానికి ఇక్కడికే వచ్చారు.

"తాడు విప్పు నాయనా, కోడలికి టైమవుతోంది," అంది అత్తగారు.

"కట్టడం వరకే నా అధికారమండీ. విప్పాలంటే సూక్ష్మజీవుల డాక్టరు సంతకం కావాలి. కబురు పెట్టాను. ఆయన ఆసుపత్రిలో ఎవరికో పరీక్ష పెట్టాలని కూర్చున్నారట."

పది కొట్టింది. సీసాలక్క మెట్ల మీద కూలబడింది. "అయిపోయిందే. ఇంక నేను మైక్రోస్కోపు తుడవడమే గానీ, అందులోకి చూడ్డం లేదు," అని కళ్లు తుడుచుకుంది. అప్పుడు అత్తగారు కుర్చీ వదిలి వచ్చి, కోడలి పక్కన మెట్టు మీద కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. పగటిపూట ఆవిడ ఆ కుర్చీ వదలడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

పదీ నలభైకి డాక్టరు వచ్చారు, మాస్కుతో, చేతితొడుగులతో. గేటు చదివారు, గోడ చదివారు, స్కూటరు దగ్గర కాసేపు ఆగారు. మాస్కు కిందికి దించారు.

"సీసాలక్కా! ఇది నీ ఇల్లా? నీకోసం అక్కడ ఇరవై నిమిషాలు కూర్చున్నాను."

"తాడు కట్టేశారు సార్..."

"విప్పమంటారా సార్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు చిన్నగా.

"ఉండవయ్యా, తాడు అలాగే ఉండనీ." డాక్టరు గోడ మీద చెయ్యి వేశారు. "ఇదేమిటి?"

ఆయన గదిలో అయితే సీసాలక్కకి ఈపాటికి నోరు ఎండిపోయేది. కానీ ఇది ఆవిడ ఇల్లు, ఆవిడ గోడ. వీధిలో నిలబడ్డది ఆయన.

"కణకవచం సార్. కణానికి ఆకారం ఇస్తుంది. ఇది లేకపోతే నీళ్లు లోపలికి చేరి కణం పగిలిపోతుంది. పెన్సిలిన్ దెబ్బకొట్టేది దీన్నే. కాస్త ఇవతలికి జరగండి, సున్నం అంటుకుంటుంది."

డాక్టరు జరిగారు. "మరి ఆ పిలస్?"

"దాని సాయంతో ఒక కణం పక్క కణాన్ని పట్టుకుంటుంది సార్. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట అప్పుడు చేతులు మారుతుంది. మందులకి లొంగని గుణం అలాగే పాకుతుంది. మా ఇంట్లోంచి మాత్రం కూరే వెళ్తుంది."

"కేంద్రకం ఎక్కడుంటుంది?"

"ఉండదు సార్. నిరుడు మీరెక్కడంటే అక్కడన్నాను, తప్పు. మీరు ఉందన్నా ఉండదు."

"మరి డీఎన్ఏ?"

"దానికి వేరే గదంటూ ఉండదు సార్. పని జరిగేచోటే, అన్నిటి మధ్యా చుట్టలా ఉంటుంది. ఏది ఎప్పుడు చెయ్యాలో అన్నిటికీ అదే చెబుతుంది."

"చూపించు."

ఆవిడ చుట్టూ చూసింది. చీటీ ఎక్కడా లేదు. అప్పుడు కూతురు వచ్చి, తల్లి భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పింది. వీపు మీద జడ పక్కన 'డీఎన్ఏ' అని ఉంది. పొద్దుటినుంచీ వీధిలో సగంమంది దాన్ని చదివారు, ఆవిడ తప్ప. చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూసుకుని, ఆవిడ కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"ఆఖరి ప్రశ్న," అన్నారు డాక్టరు మెల్లగా. "ఇవి మంచివా, చెడ్డవా?"

"రోగం తెచ్చేవి కొన్నే సార్. మిగతావి కడుపులో ఉండి తిన్నది అరిగిస్తాయి, పాలు తోడేస్తాయి, చెత్తని మట్టి చేస్తాయి. మనకి కనబడకుండా మన పని చేసిపెడతాయి. పద్దెనిమిదేళ్లు వాటి సీసాలు కడిగి నా కూతుర్ని చదివించుకున్నాను. ఆ కూతురే ఇవాళ నాకు పాఠం చెప్పింది. నేను వాటికి రుణపడి ఉన్నాను సార్."

డాక్టరు గేటు మీద పెట్టి రెండు కాగితాల మీద సంతకం చేశారు. ఒకటి ఇన్‌స్పెక్టరుకి, తాడు విప్పమని. రెండోది సీసాలక్కకి, సోమవారం నుంచి మైక్రోస్కోపు దగ్గర కూర్చోమని. ఇన్‌స్పెక్టరు తాడు చుట్టుకుంటూ, "అక్కా, నాకూ వచ్చేనెల డిపార్ట్‌మెంటు పరీక్ష ఉంది. ఈ చీటీలు ఇస్తారా?" అని అడిగాడు.

టైలరమ్మ గిన్నె పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. "నన్ను క్షమించు వదినా."

"క్షమించడమేమిటి వదినా! నువ్వు ఫోన్ చెయ్యకపోతే నేను ఆ గదికి వెళ్లి, మళ్లీ నోరు మూసుకుని వచ్చేదాన్ని. నీ కడుపు చల్లగా ఉండాలి."

"అదొక్కటే ఇంకా కాలేదు," అంది టైలరమ్మ.

జనం వెళ్లిపోయారు. వంటగదిలో మళ్లీ పొయ్యి వెలిగింది, పోపు వాసన ఇల్లంతా పాకింది. దుప్పటి కదిలింది. మామగారు లేచి కూర్చుని, కళ్లు నులుముకుని గడియారం చూశారు.

"ఏమ్మా, ఇంకా ఇంట్లోనే ఉన్నావు? ఇవాళ నీకు పరీక్ష కాదూ?"

చీటీలో రాసింది రాసినట్టు పాటించింది ఆ ఇంట్లో ఆయనొక్కరే.