మామూలు వాన తీర్మానం

ఒక పెద్ద అడవి ఉండేది. అక్కడ దాహమేసినా సరే, ముందు మీటింగు పెట్టుకుని ఆ తర్వాతే నీళ్లు తాగేవాళ్లు.

ఆ ఏడు మృగశిరకి ముందు కూడా మీటింగు పెట్టారు. వానలు ఎలా ఉంటాయో, ఏం జాగర్త పడాలో తేల్చాలి. ప్రెసిడెంటు ఏనుగు. పాపం, దానికి ఎవర్నీ కష్టపెట్టడం చేతకాదు. సెక్రెటరీ కొండముచ్చు. దానికి లెక్కలంటే ప్రాణం.

"ఈసారి వరదేనండి. వాగు గట్టు దాటుద్ది. ఒడ్డునున్నోళ్లని గుట్ట మీదకి పంపండి" అంది కొంగ.

"నీకు చేపలు కావాలి, అందుకే వరదంటావ్" అంది తొండ. "కరువండీ బాబూ! ఇప్పుడే గుంట తవ్వి నీళ్లు దాచండి."

వాగు ఒడ్డున నలుగురు పిల్లల్తో ఉండే చెవులపిల్లి మెల్లగా లేచింది. "ఏదొస్తదో తెలీనప్పుడు రెండూ చేసేద్దామండీ. గుట్ట మీద బొరియలు, కింద గుంట."

"రెండూ చేస్తే ఇద్దరికీ కోపమొస్తదమ్మా" అని ఏనుగు దిగులు పడింది.

కొండముచ్చు గొంతు సర్దుకుంది. "నేను లెక్క కట్టానండి. వరదనీ కరువునీ కలిపి సగం చేస్తే మామూలు వాన. కాబట్టి తలా ఒక టేకాకు గొడుగు ఇచ్చేద్దాం."

"మామూలు వానని ఎవరన్నారండీ?" అంది చెవులపిల్లి.

"ఎవరూ అనలేదు. అందుకే ఎవరికీ కోపం రాదు" అని ఏనుగు హాయిగా చెవులూపింది.

"మరి నేను గుట్టెక్కిపోనా?"

"ఇప్పుడెక్కితే అందరూ కంగారు పడతారు తల్లీ. గొడుగు పట్టుకెళ్లు."

చెవులపిల్లి గొడుగు పుచ్చుకుంది, దణ్ణం పెట్టింది, తిన్నగా గుట్టెక్కి తవ్వడం మొదలెట్టింది.

మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, చుక్క పడలేదు. వాగు ఎండింది. గొడుగులు అప్పడాల్లాగా విరిగాయి. అందరూ బురద నాకారు. గుంట తవ్వుంటే బాగుండేదని ఎవరూ పైకి అనలేదు. చెవులపిల్లి పిల్లలు గడ్డివేర్లు నమిలి ఎలాగో బతికారు.

ఆశ్లేషలో ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. వాగు ఒడ్డున ఒక్క ఇల్లూ మిగల్లేదు. అందరూ పడతా లేస్తా గుట్టెక్కారు. ఏనుగు తడిసి ముద్దై, చెవులపిల్లి గుమ్మం ముందు నిలబడింది.

"అమ్మా, కాస్త జరుగుతావా?"

"రా తాతా. పిల్లలున్నారు, చూసి కాలెయ్యి."

అంతలో పై కొమ్మ మీంచి కొండముచ్చు అరిచింది. "ప్రెసిడెంటు గారూ! ఎండిన కార్తెలూ మునిగిన కార్తెలూ కలిపి చూశానండి. మొత్తం మీద మామూలు వానే!"

ఏనుగు మొహం వెలిగిపోయింది. అందరూ వణుకుతూనే చప్పట్లు కొట్టారు. కొండముచ్చుకి సన్మానం చేద్దామన్నారు, కానీ గుట్ట మీద జాగా చాల్లేదు.

"మరి పోయిన ఇళ్లు?" అంది చెవులపిల్లి.

"దానికి రేపు మీటింగు పెడదాం తల్లీ. నీ ఇంట్లోనే" అంది ఏనుగు.

నీతి: అందరి మాటా కలిపి, ఎవరూ చెప్పనిది చేస్తే, తప్పు ఎవరిదీ కాదు.