తెరిచిన కిటికీ నిధికి మా చాటింపు గంట దరఖాస్తు

ప్రజలకు తెలియవలసిన సంగతిని ప్రజల కంట పడకుండా భద్రపరచడం ఒక విద్య. ఆ విద్యలో మా అబోరాసీ జిల్లా కచేరీని మించినది ఈ సముద్రపు ఒడ్డున మరొకటి లేదని, చేపలు పొగబెట్టుకు బతికే ముసలిదాన్నైనా, ఏ సభలోనైనా నిలబడి చెప్పగలను.

కచేరీ నోటీసులు జనానికి చూపించాలని చట్టం ఉంది. మొదట్లో బయటి గోడకు అంటించేవారు. అంటించేది కర్రపెండలం గంజితో గనుక మేకలు వచ్చి గంజితోపాటు ఉత్తర్వులు కూడా నమిలేవి. (ఆ రోజుల్లో మా జిల్లాలో ప్రభుత్వ విధానాలను పూర్తిగా జీర్ణించుకున్నది మేకలే.) నోటీసుల క్షేమం కోరి బోర్డును లోపలి గదిలోకి మార్చారు. తర్వాత బోర్డుకు అద్దం పెట్టారు, అద్దానికి తాళం వేశారు, గదికి ఇంకో తాళం వేశారు. తాళంచెవులు సమాచార వెల్లడి అధికారి టెచి గారి దగ్గర ఉంటాయి. టెచి గారు రాజధానిలో ఉంటారు, పారదర్శకత మీద శిక్షణలో.

ఇలా ఉండగా మడుగు పక్కన ఉన్న మా చేపల బజారును, పొగపొయ్యిలతో సహా, ఎత్తేస్తారని పుకారు లేచింది. మా అమ్మ కూర్చున్న చోటే నేనూ కూర్చుంటున్నాను. నా పెద్దకూతురు పుట్టింది కూడా ఆ పొయ్యి పక్కనే, చేప విరగబడి దొరికిన ఏడు, మంత్రసాని చేతికి పొలుసులంటుకుని... సరే, అదిప్పుడెందుకు. కచేరీకి వెళ్ళాను.

“నాయనా, మా బజారు గురించి నోటీసేమన్నా ఉందా?” అని గుమాస్తాను అడిగాను.

“ఉందో లేదో నేను చెప్పకూడదు మామ్మా.”

“ఏం, ఎందుకని?”

“ఉంటే ఆ గదిలో ఉంటుంది. గదికి తాళం. నేను చూడలేదు. చూడనిది చెబితే పుకారవుతుంది. సర్కారు ఉద్యోగం చేస్తూ పుకార్లు పుట్టించమంటావా?”

“మరి నేనెట్లా చూసేది?”

“నోటీసు నంబరు వేసి అర్జీ పెట్టుకో.”

“నంబరెక్కడుంటుంది?”

“నోటీసు మీద.”

అబ్బాయి చాలా మర్యాదస్థుడు. మాట్లాడినంతసేపూ నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

మా ఊళ్ళో చాటింపు వేసేది ముసలి క్వెకు బాదు. ఆయన ఇనప గంట కొట్టి చెప్పాడంటే కడుపులో ఉన్న పిల్లలకు కూడా సంగతి తెలుస్తుంది. ఒక వకీలును పెట్టి ఆ గది తెరిపిస్తే, లోపలివన్నీ బాదు వీధి వీధినా చాటుతాడు కదా అని మేం ఆడవాళ్ళం అనుకున్నాం. వకీలుకు డబ్బు కావాలి. బడిలో పాఠాలు చెప్పే నా మనవరాలు ఎకువా దారి చూపించింది.

“అమ్మమ్మా, సర్కారు సమాచారం జనానికి అందేలా చేసేవాళ్ళకు డబ్బులిచ్చే సంస్థ ఒకటుంది. పేరు తెరిచిన కిటికీ నిధి.”

పొగపొయ్యిల మహిళా సంఘం పేరున నేను, ఎకువా, బాదు నగరానికి బస్సెక్కాం. నిధి ఆఫీసులో కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, ఏసీ చల్లదనం బయటికి పోతుందని. శ్రీమతి బెంట్సిల్ అనే అధికారిణి దరఖాస్తు ముందేసుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది.

“సమాచారం అందించే మీ సాధనం ఏది?”

“బాదు.”

“యాప్ పేరా?”

“మనిషమ్మా. ఇదుగో, ఇక్కడే కూర్చున్నాడు.”

ఆమె ఆయన్ని కాసేపు చూసింది. “నెట్ లేకపోయినా పనిచేస్తుందా?”

“మంగళవారం తప్ప రోజూ పనిచేస్తాడు,” అన్నాను. (మంగళవారం మా సముద్రానికి సెలవు. పడవ కదలదు, బజారు తెరవరు, గంట మోగదు.) ఆమె ‘వారానికోసారి మరమ్మతుల కోసం నిలుపుదల’ అని రాసుకుంది.

“పాతబడితే కొత్తది పెట్టుకునే వీలుందా?”

“మా ఆవిడ పెళ్ళైన దగ్గర్నుంచీ అదే అడుగుతోంది తల్లీ,” అన్నాడు బాదు.

ఇంతవరకూ సాఫీగానే నడిచింది. ఖర్చుల దగ్గర ఆమె కలం ఆగింది. “జిన్ను సీసా? మద్యానికి మేం నిధులివ్వం.”

“తాగడానికి కాదమ్మా. ఊరి రాజుగారికి సీసా ఇచ్చి అనుమతి తీసుకోకుండా గంట ముట్టుకుంటే అది చాటింపు కాదు, అల్లరి. ఆయన అందులో కొంత నేలమీద పోస్తారు, పెద్దల కోసం.”

“ఏ పెద్దలు?”

“పోయినవాళ్ళు.”

ఆమె ఏమాత్రం తొణకలేదు. నిబంధనల పుస్తకం తిరగేసి, వాళ్ళు పరోక్ష లబ్ధిదారుల కిందికి వస్తారనీ, ముట్టినట్టు ఒక్కొక్కరి సంతకం కావాలనీ చెప్పింది. “చదువు రానివాళ్ళయితే వేలిముద్ర చాలు.”

“కాగితం ఇటివ్వు తల్లీ,” అన్నాడు బాదు. “ఎలాగూ నేనటే పోతున్నాను, వేయించి పంపుతాను.”

ఎకువా నా చెవిలో గొణిగింది. “అమ్మమ్మా, శీతల పానీయాలని రాసేద్దాం. అందరూ అట్లాగే రాస్తారట.”

“సర్కారు నోట నిజం చెప్పించడానికి అడిగే డబ్బే. దాన్ని అబద్ధంతో మొదలుపెడతామా?” అన్నాను. జిన్ను అనే రాయించాను.

కొన్నాళ్ళకు జవాబొచ్చింది. పోటీ తీవ్రంగా ఉన్నందున డబ్బు ఇవ్వలేకపోతున్నామని విచారిస్తున్నారట. ఎందుకు కాదన్నారో, డబ్బు ఎవరికిచ్చారో చెప్పమని ఎకువా చేత రాయించాను. కారణాలూ పేర్లూ గోప్యమని వెంటనే జవాబిచ్చారు. (వెంటనే ఇచ్చారు. ఆ మాట ఒప్పుకోవాలి.)

ఆ తర్వాత ఒక మంగళవారం, బజారులో పురుగు కూడా లేని పూట, మడుగు పక్కకు బుల్డోజరు వచ్చింది. చప్పుడు విని పరుగెత్తేసరికి మా అమ్మ కట్టిన పొయ్యి సగమే ఉంది.

“ఎవరు పంపార్రా నిన్ను?” అని బండి నడిపేవాడి మీద అరిచాను.

“కచేరీ వాళ్ళు మామ్మా. నోటీసిచ్చారుగా. అభ్యంతరాలుంటే చెప్పుకోమని గడువు కూడా పెట్టారు. ఒక్కరూ రాలేదట. మీకందరికీ ఇష్టమే అనుకున్నారు.”

పాపం, మంచివాడు. పొయ్యి మీద చేపలు పరిచే నా జల్లెడలు తీసుకునేదాకా బండి ఆపాడు.

అక్కడ ఇప్పుడొక మేడ లేచింది. దాని పేరు ప్రజా సమాచార సౌధం. తెరిచిన కిటికీ నిధి ఇచ్చిన డబ్బుతో జిల్లా కచేరీ కట్టించిందని గుమ్మం మీద చెక్కారు. ప్రారంభానికి టెచి గారు శిక్షణ ముగించుకుని వచ్చారు. బాదును కూడా పిలిచారు. రాజుగారికి జిన్ను సీసా వాళ్ళే పంపారు, సాంస్కృతిక సామగ్రి కింద. గంట మాత్రం కొట్టమన్నారు, ఏమీ చెప్పవద్దన్నారు. బాదు కొట్టాడు. ఏం చెబుతాడోనని ఊరంతా చాలాసేపు నిలబడింది.

నేను ఎదుటి రోడ్డు అంచున చేపల గంప దించి ఎకువాతో లోపలికి వెళ్ళాను. హాలు మధ్యలో అద్దాల పెట్టె, పైన దీపం, లోపల ఒక నోటీసు. ఎకువా చదివింది. మా బజారు తొలగింపు. అభ్యంతరాలున్నవారు సమాచార వెల్లడి అధికారిని స్వయంగా కలవాలి.

టెచి గారు ఎంతో ప్రేమగా నా భుజం మీద చెయ్యి వేశారు. “చూశావా మామ్మా, మేమేదీ దాచలేదు.”

అది నిజమే. అద్దం కూడా బాగా తుడిచారు.