అది పంపించు

ఆ ఉదయం బుడగలాయనకు ఉన్న పని ఒక్కటే. టీ తాగి, ఫ్రిజ్ తలుపులో ఉన్న చిన్న గాజుసీసా తీసుకుని ల్యాబుకు పోవడం. ఎండ సాయంతో నీళ్లలోంచి హైడ్రోజన్ తీసే పొడి ఆ సీసా అడుగున చిటికెడుంది. బుడగలొస్తాయి, బుడగలొస్తాయి అని మూడేళ్లుగా చెబుతుంటే విసిగిపోయిన వీధివాళ్లు ఆయనకా పేరు పెట్టారు. పేరొచ్చింది గాని బుడగలు రాలేదు. ఇవాళ కమిటీ వస్తోంది. ఇవాళా రాకపోతే ల్యాబుకు తాళం, ఆయన ఇంటికి.

అందుకే టీ తాగుతూ ఫోనులో సహోద్యోగికి ధైర్యం చెప్పాడు. “పాతదాన్ని మర్చిపోవయ్యా. లావు. ఎక్కడుంచితే అక్కడే కూలబడేది. కొత్తది చూశావుగా, ఎంత సన్నం, ఎంత పచ్చగా ఉందో. ఎండ తగిలితే చాలు, రెచ్చిపోతుంది. తను చెక్కుచెదరదు గాని, ఎన్నేళ్లు కలిసున్నా సరే విడగొట్టి తీరుతుంది.”

మనం పొడినీ ‘అది’ అంటాం, సిగ్గులేకుండా ఆడమనిషినీ ‘అది’ అంటాం. అన్ని పుస్తకాలు నమిలినవాడికి ఈ ముక్క తట్టలేదు. ఆయన భార్య బొద్దుమనిషి. మేడమీది వాటాలో ఉండే తమ్ముడి భార్య సన్నగా, పచ్చగా ఉంటుంది. గిన్నెలు తోముతున్న భార్య చేతులు ఆగిపోయాయి. వచ్చి, సగం తాగిన కప్పు ఆయన చేతిలోంచి లాక్కుపోయింది. ఎందుకో అంతుబట్టక, ఆ అయోమయంలో సీసా మరిచి బస్సెక్కాడు.

ల్యాబులో సంచి తడుముకుని, సీసా కనబడక, ఇంటికి ఫోను చేశాడు.

“అది ఇంట్లోనే ఉండిపోయింది. వెంటనే పంపించు. అది లేకపోతే నాకు బతుకు లేదు.”

“ఎన్నాళ్లనుంచీ?” అంది భార్య.

“మూడేళ్లనుంచీ దానికోసమే కదా పడి చస్తున్నాను. చెప్పినా నీకర్థం కాదని చెప్పలేదు.”

“మీ తమ్ముడికి తెలుసా?”

“వాడికెందుకు ఇవన్నీ? ఖాళీగా ఉంటే వాడిచేతే పంపించు. దారిలో ఎండ తగలకుండా గుడ్డ చుట్టు.”

ఫోను ఠక్కున ఆగిపోయింది. సీసా అడిగితే ఇంత కోపమేమిటో ఆయనకు అర్థం కాలేదు.

కమిటీ పెద్ద వచ్చి గడియారం చూసుకున్నాడు. “ఏదండీ మీ అద్భుతం?”

“దారిలో ఉంది సార్. ఎండలో నిలబెట్టగానే మీరే చూస్తారు.”

అంతలో ల్యాబు మెట్లముందు ఆటో ఆగింది. ముందు తమ్ముడు దిగాడు, మొహం మాడ్చుకుని. వెనక ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన మరదలు, చేతిలో ఏదో పట్టుకుని. ఆ వెనక భార్య.

“నాచేతే పంపమన్నావట కదన్నయ్యా. తీసుకొచ్చాను” అన్నాడు తమ్ముడు.

“నేనేం పాపం చేశాను బావగారూ?” అంది మరదలు.

“ఇదిగోండి మీ పచ్చటిది” అంది భార్య. “ఎండలోనే నిలబడింది. చూసుకోండి.”

కమిటీ పెద్ద కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. బుడగలాయన ముగ్గురి వంకా మార్చి మార్చి చూశాడు. “వీళ్లనెవరు రమ్మన్నారు? నేనడిగింది సీసా. ఫ్రిజ్‌లో సీసా. అడుగున పచ్చపొడి.”

భార్య మరదలి చేతి వంక చూసింది. “ఆ సీసానా? ఇది కళ్లు తిరిగి పడిపోతానంటే, చేతికందిందని అందులోనే నీళ్లు పోసి పంచదార కలిపిచ్చాను.”

“వాసన చూసి తాగలేదక్కా” అంది మరదలు, చేతిలోని సీసా ఎత్తి చూపిస్తూ.

ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని మెట్లమీద కూలబడ్డాడు. మూడేళ్ల బతుకు పంచదార పాకమైపోయింది.

“ఏమండీ, ఇవేమిటి?” అన్నాడు కమిటీ పెద్ద.

ఎండలో మరదలి చేతిలోని సీసాలో, అడుగునుంచి పూసలు గుచ్చినట్టు బుడగలు లేస్తున్నాయి. బుడగలాయన ఒక్క దూకు దూకి, వాయువును పసిగట్టే యంత్రం తెచ్చి సీసాకు గొట్టం బిగించాడు. యంత్రం ముల్లు హైడ్రోజన్ దగ్గరకెళ్లి నిలబడింది. ఇన్నాళ్లూ ఆ పొడి వట్టి నీళ్లతో పస్తులుంది. దానికి కావలసింది కాస్త తీపి.

“పంచదార కలపాలన్న ఆలోచన ఎవరిది?” అన్నాడు కమిటీ పెద్ద.

“మా ఇంట్లో అందరం కలిసే పనిచేస్తాం సార్” అన్నాడు బుడగలాయన. తమ్ముడు నేల చూపులు చూశాడు.

ల్యాబు నిలబడింది. ఆ మర్నాటినుంచీ ఆయన ఫోనులో పొడిని మర్యాదగా ‘ఆవిడ’ అంటున్నాడు. ఇప్పుడు పక్కింటివాళ్లు చెవులు కొరుక్కుంటున్నారు.