ముందే కూర్చున్న ముగ్గురు

ఈసారి యూనివర్సిటీలో కాంట్రాక్టు వాళ్లను ఒక్కరినీ ఉంచరట, లిస్టులో పేరు లేనివాణ్ని గేటు దగ్గరే ఆపేస్తున్నారట అని సీతాఫల్‌మండిలో ఎవరో అనుకుంటుండగా కాశమ్మ చెవిన పడింది. కాశమ్మది తార్నాకలో నాగేష్ వాళ్ల పక్కవాటా. విన్నది విన్నట్టు చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఆమె నాగేష్ భార్య స్వర్ణకు చెప్పేసరికి గేటు దగ్గరికి పోలీసులు వచ్చారు. స్వర్ణ మొగుడికి చెప్పేసరికి ఆ పోలీసుల చేతుల్లోకి లాఠీలు వచ్చాయి.

నాగేష్ చేతిలో ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. నాలుగేళ్లుగా అతను అక్కడ ఒక డిపార్టుమెంటులో కాంట్రాక్టు ప్రోగ్రామరు. ఆ కాంట్రాక్టు మార్చిలోనే అయిపోయింది. పొడిగింపు ఫైలు మూడు నెలలుగా మూడు బల్లల మధ్య తిరుగుతోంది. హెడ్ సూర్యనారాయణ, డీన్ వైదేహి, రిజిస్ట్రార్ ఆఫీసు సూపరింటెండెంట్ వెంకటకృష్ణ, ముగ్గురిదీ ఒకటే పద్ధతి. ముందు మిగతా ఇద్దరూ సంతకం పెట్టాలి, తర్వాత తాము పెడతారు.

"వాళ్లు మెడవట్టి ఎల్లగొట్టకముందే మానేస్తున్ననని నువ్వే రాసియ్యి. ఇజ్జత్‌తోటి బయటపడ్తవు," అంది స్వర్ణ. "రాసి ముందుగాల నాకు పంపు. నేను చూసినంకనే వాళ్లకియ్యి. నీ రాత సంగతి నాకెర్కనే గద."

ఆ పొద్దుటి ప్లాను అంతే.

ఆఫీసు మెయిళ్లు పంపడానికి నాగేష్ సొంతంగా రాసుకున్న ప్రోగ్రాం ఒకటుంది. నల్ల స్క్రీన్ మీద కమాండ్ కొట్టి, 'ఎవరికి' అనే ఆప్షన్ పక్కన ఎన్ని పేర్లిస్తే అందరికీ పోతుంది. ఏ పేరూ ఇవ్వకపోతే డిఫాల్టుగా ముగ్గురు పెద్దలకూ పోయేలా పెట్టాడు. ఇన్నాళ్లూ పోయినవన్నీ వాళ్లకే కాబట్టి పేరు ఇవ్వాల్సిన అవసరమే రాలేదు. డిఫాల్టు పేర్లంటే బస్సు సీటు మీద వేసిన రుమాళ్లలాంటివని అతని నమ్మకం. అసలు మనిషి ఎక్కగానే రుమాలు తీసేస్తారు. అందుకే ఆఫీసుకెళ్లి కూర్చుని, ధీమాగా స్వర్ణ పేరు ఇచ్చి రాజీనామా లెటర్ పంపాడు.

టీ తాగి వచ్చేసరికి గుమ్మంలో అటెండర్ ఇన్నయ్య. "ఏంది నాగేష్, పోతున్నవంట? హెడ్ సారు నీ లెటర్ చదువుకుంట రెండుసార్లు అద్దాలు తుడుసుకుండు."

నాగేష్ గబగబా వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. స్వర్ణ పేరు తప్పుగా కొట్టి ఉంటాను, అందుకే డిఫాల్టుకు పోయింది అనుకున్నాడు. ఈసారి అక్షరం అక్షరం చూసుకుని, హెడ్ పేరు ఒక్కటే ఇచ్చి రాశాడు. 'సార్, కోపం మీ మీద కాదు. డీన్ మేడం నా ఫైలు బీరువాలో పెట్టి తాళంచెవి పోగొట్టారు. ఆ బాధలో రాశాను.'

పది నిమిషాల్లో ఫోను. డీన్ మేడమే. "నా తాళంచెవుల సంగతి నీకెందుకయ్యా?" అని పెట్టేసింది.

హెడ్ గారు చూపించారన్నమాట! ఈసారి డీన్ పేరు ఒక్కటే ఇచ్చి రాశాడు. 'మేడం, ఆ మాట హెడ్ సార్‌దే. ఆయన సంతకానికి కూడా ముహూర్తం చూస్తారు. ఇక వెంకటకృష్ణ గారు నా ఫైలు మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని తింటారు. మీరే దిక్కు.'

ఈసారి ఫోను వెంకటకృష్ణది. "ఏమయ్యా, నేను దేనిమీద తింటే నీకేంది?"

ఆయన పేరు ఒక్కటే ఇచ్చి మూడో సంజాయిషీ కూడా పంపాడు. వాళ్లిద్దరికీ మనిషి విలువ తెలియదనీ, ఆయన డబ్బా వాసనకే తన కడుపు నిండేదనీ రాశాడు. ఆ తర్వాత ఎవరూ ఫోను చేయలేదు. ఊపిరి పీల్చుకుని స్వర్ణకు రాశాడు. 'ముగ్గురికి మూడు తీర్ల చెప్పిన, ఒకలకు తెల్వకుండ ఒకలకు. భయపడకు.'

వెంటనే స్వర్ణ ఫోను. "ఒకలకు తెల్వకుండ అనుకుంటనే ముగ్గురికి పంపినవేంది?"

"ఎవరికి పంపిన? నీకే గద!"

"పైన వాళ్ల పేర్లే ఉన్నయి వరుసగ. ఎనుక నాది. పొద్దుగాల లెటర్ల గూడ గట్లనే ఉండె. ధైర్యం జేసినవనుకున్న."

నాగేష్ ప్రోగ్రాం తెరిచి చూశాడు. ఇచ్చిన పేరును జాబితాలో చేర్చమని రాశాడు గాని, ఉన్నవాళ్లను దింపమని ఎక్కడా రాయలేదు. అవి రుమాళ్లు కావు. ముగ్గురూ ముందే ఎక్కి కూర్చున్నారు. తర్వాత ఎవరు ఎక్కినా వాళ్ల పక్కన ఇరుక్కోవాల్సిందే.

ఇన్నయ్య మళ్లీ వచ్చాడు. "ముగ్గురు ఒక్క రూములనే కూసున్నరు. నా సర్వీసుల ఇట్ల సూడలే. నడువు."

వరండా పొడవునా నాగేష్‌కు ఇంటి అద్దె, స్వర్ణ ముఖం, గేటు దగ్గర లాఠీలు వరుసగా కనిపించాయి. హబ్సిగూడలో ఏ టిఫిన్ సెంటర్‌లోనైనా బిల్లులు కొట్టే పని దొరుకుతుందేమోనని కూడా అనుకున్నాడు.

గదిలో ముగ్గురి చేతుల్లోనూ ఐదేసి మెయిళ్ల ప్రింట్లున్నాయి.

"ఇంకా ఆలోచించేదేముందండీ? తీసేద్దాం," అన్నాడు సూర్యనారాయణ.

"ఈ నిమిషమే," అంది వైదేహి.

వెంకటకృష్ణ ఫైలు తిరగేశాడు. అట్ట మీద పచ్చడి మరకను అరచేత్తో కప్పి, గొంతు సవరించుకున్నాడు. "తీసెయ్యనీకి లేదు సార్. ఈయన కాంట్రాక్టు మార్చిలనే అయిపోయింది. కొలువుల లేనోన్ని ఎట్ల తీసేస్తం, రాజీనామ ఎట్ల తీస్కుంటం? ఆడిట్‌ల పట్టుకుంటరు. ముందు యేడాది పొడిగించాలె, ఎన్కసీరి తీసెయ్యాలె."

"అయితే పొడిగించండి!" అని హెడ్ బల్ల గుద్ది సంతకం పెట్టాడు. అదే కోపంతో మేడం పెట్టింది, ఆమె చేతిలోంచి కలం లాక్కుని వెంకటకృష్ణ పెట్టాడు. మూడు నెలల ఫైలు ముప్పై సెకన్లలో కదిలింది.

"ఇగ తీసేసే కాగితం," అని వెంకటకృష్ణ కొత్తది బల్ల నడుమ పెట్టాడు. నాగేష్ కళ్లు మూసుకున్నాడు.

చాలాసేపు కలం గీసిన చప్పుడు వినపడలేదు.

"ముందు మేడం గారిని పెట్టనివ్వండి," అన్నాడు హెడ్.

"మీ స్టాఫు కదండీ. మీరు పెట్టాక చూద్దాం," అంది మేడం.

"మీరిద్దరు పెట్టినంక నాదేమున్నది, ఒక్క నిమిషం పని," అన్నాడు వెంకటకృష్ణ.

కాగితం ఎక్కడిది అక్కడే ఉంది. చివరికి హెడ్, "ఇన్నయ్యా, దీన్ని ఫైల్లో పెట్టి బల్లల మీదికి పంపించు. ఎన్నాళ్లలో తిరిగొస్తుందంటావు?" అని అడిగాడు.

"నాగేష్ రిటైరయ్యేనాటికి వస్తది సార్."