మొదటిరోజు మెడ

చర్మం కాలిందో లేదో చెప్పే హక్కు ఇకమీదట ఆ చర్మం ఉన్నవాళ్ళకు లేదని ఏలూరులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రి తీర్మానించింది. రేడియేషన్ పెట్టించుకున్నవాళ్ళంతా "మంటండీ బాబూ" అంటున్నారే గానీ ఒక్కరూ ఆధారం చూపించడం లేదు. అందుకని కాంతితో చర్మాన్ని కొలిచే కెమెరా ఒకటి తెప్పించారు. అది మెడ మీద వెలుగు వేసి, తిరిగొచ్చిన వెలుగును బట్టి ఎంత కమిలిందో అంకె చెబుతుంది. అంకె వస్తేనే పూతమందు, కట్టు. నర్సులు కంటితో చూసి చెప్పడం నిషిద్ధం (సరిగ్గా కొలుస్తాయని కళ్ళకు కాలిబ్రేషన్ సర్టిఫికెట్ లేదు).

ఆకివీడు ప్రభావతి గారికి గొంతులో గడ్డ. కరెంటు పెట్టడం (ఊళ్ళో రేడియేషన్‌ను అలాగే అంటారు) మొదలయ్యే ముందు, తర్వాత పోల్చి చూడ్డానికని ఆ కెమెరాతో మెడకు ఫోటో తీస్తామన్నారు. ఫోటో అన్నాక పౌడరు రాసుకోకుండా ఎవరైనా వెళ్తారా? చర్చి గ్రూపు ఫోటోకి రాసుకున్నట్టే మెడ నిండా దట్టంగా పట్టించారు. "ఈ పక్కన అంటలేదు" అని భర్త ఎజ్రా గారు చూపిస్తే అక్కడా అద్దుకున్నారు. ఆ తెల్లటి మెడే ఆవిడ అసలు మెడగా కంప్యూటర్లో స్థిరపడింది.

కరెంటు సాగేకొద్దీ మెడ నల్లగా కమిలి, పొర లేచి, పైటకొంగు తగిలితే ప్రాణం పోయినంత పనయ్యేది. చేపల చెరువు గట్టున మిట్టమధ్యాహ్నం నిలబడి పనివాళ్ళను అదిలించే మనిషి, ఫ్యాను గాలికి ఏడ్చారు. చూడలేక ఎజ్రా గారు ఆవిడను కాంతి కొలతల అధికారి రామనాథం గారి దగ్గరికి తీసుకెళ్ళారు.

రామనాథం గారు కొలిచి, స్క్రీను చూసి, ఎంతో మర్యాదగా చెప్పారు.

"ఏమీ అనుకోకండి, ఈ మెడ మీది కాదండీ."

"నాదేనండీ. పుట్టిన దగ్గర్నుంచీ నాతోనే ఉందండీ."

"ఉండొచ్చండీ. రికార్డులో మీ మెడ తెల్లన. తేడా మరీ ఎక్కువైతే మనిషి మారినట్టే లెక్క. వేరేవాళ్ళ మంటకి మీకు మందెలా ఇస్తామండీ?"

ఎజ్రా గారు పౌడరు సంగతి బయటపెట్టారు. రామనాథం గారి మొహం వెలిగింది.

"ముందే చెప్పొద్దా అండీ! పౌడరు రాసుకుని రండి, సరిపోతుంది."

పుండు మీద పౌడరు. కొంగు నోట్లో కుక్కుకుని అదీ చేశారు ప్రభావతి గారు. యంత్రం ఆవిడను వెంటనే గుర్తుపట్టింది. పేరు, ఊరు అన్నీ చూపించి, కమిలినది సున్నా అంది.

"కడిగేసి చూపిస్తానండీ."

"కడిగితే అది మీరు కాదు కదండీ."

"పోనీ, ఆ మొదటి ఫోటో మార్చండి."

"మొదటిరోజు ఒక్కసారే వస్తుందండీ."

వరండాలో నర్సు క్యాథరిన్ ఆ మెడను చూసింది. చూడకూడదని గుర్తొచ్చి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. అదే గోడ మీద మర్నాటికల్లా ప్రభావతి గారి తెల్లటి మెడ బొమ్మ వెలిసింది, కింద 'ఆదర్శ రోగి' అని.

"ఇక నా వల్ల కాదండీ, రాను," అన్నారావిడ తిరుగు బస్సులో.

"మధ్యలో ఆపితే గడ్డ మళ్ళీ పెరుగుతుందన్నారు కదే. ఇంకాస్త ఓర్చుకో," అని బతిమాలారు ఎజ్రా గారు.

"నాది కాదని తేల్చిన మెడకి నాకెందుకండీ కరెంటు?"

ఆవిడ మళ్ళీ ఏలూరు బస్సెక్కలేదు.

ఆ ఏటి నివేదికలో రామనాథం గారు సగర్వంగా రాశారు: యంత్రం వచ్చాక మంట తట్టుకోలేక చికిత్స మానేసినవాళ్ళు ఒక్కరూ లేరు. ప్రభావతి గారు మానేసిన మాట నిజమే గానీ, ఆవిడకు మంట లేదు.