ఇటుక రంగు మీద చిలకపచ్చ

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. ఆ కిటికీ తలుపు కూడా వేసేయండి, వీధిలో పోయేవాళ్ళు వింటే బాగుండదు. ఇది మా చెల్లెలి కొడుకు మొహం సంగతి. నేను పెద్దగా చదువుకోలేదు గానీ, జరిగినదాన్ని జరిగినట్టు గుర్తుపెట్టుకోవడంలో నన్ను మించినవాళ్ళు మా ఇంట్లో లేరు. ఆ రోజు వాడు వేసుకున్న చొక్కాకి ఎన్నో బొత్తాం ఊడిందో కూడా చెప్పగలను. మూడోది.

మావాడు రంగుల దుకాణంలో గోడలకు వేసే రంగులు కలుపుతాడు. గోడ నుంచి గోరంత పెచ్చు ఊడదీసి చేతిలో పెడితే చాలు, అరగంటలో అచ్చం అదే రంగు డబ్బాలో పోసి ఇస్తాడు. అందుకే అందరూ వాణ్ణి మేస్త్రి అంటారు. కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ వాడు చెప్పే మాట ఒకటే. "ట్యూబులైటు కింద చూసి తీసుకోకండి. గుమ్మం బయటికి తీసుకెళ్ళి ఎండలో చూడండి, అప్పుడు చెప్పండి." ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. వాడు మరిచిపోయాడు, కథంతా అందుకే వచ్చింది.

ఏడాదిగా వాడి మొహానికి ఏదో అయింది. వేడి టీ తాగితే ఎరుపు, ఎండలో నిలబడితే ఎరుపు, ఎవరైనా నాలుగు మాటలు గట్టిగా అంటే ఎరుపు. చామనఛాయ మనిషి కదా, బుగ్గలూ ముక్కూ సరిగ్గా ఇటుక రంగులోకి తిరిగేవి. వాడి భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆమెకు బుగ్గల మీద మంగు. "ఒకరిది ఎరుపు, ఒకరిది నలుపు, అద్దం ముందు నిలబడడానికి మాత్రం ఇద్దరికీ పోటీ" అని నేను ఏడిపించేదాన్ని.

ఇక ఆ దుకాణం యజమానికి తాగేవాళ్ళంటే అస్సలు పడదు. ఆయన మహా శుభ్రమైన మనిషి. మొహానికి ఎంత దట్టంగా పౌడరు పూసుకుంటాడంటే, ఆయన తుమ్మితే ఎదుటివాడి కళ్ళజోడు తెల్లబడుతుంది. ఆయన కిందటి వారం మావాణ్ణి చూసి, అందరి ముందూ అడిగేశాడు. "ఏంటయ్యా, పదకొండింటికే మొదలుపెట్టావా?"

"అయ్యయ్యో, అలవాటే లేదండీ" అనబోయాడు మావాడు. ఆ సిగ్గుకి ముక్కు ఇంకాస్త ఎర్రబడింది. ఆయన "ఊఁ, కనబడుతూనే ఉంది" అని వెళ్ళిపోయాడు.

ఊరి ఆ చివర ఆయన కొత్త దుకాణం తెరుస్తున్నాడు. అక్కడ రంగుల విభాగానికి పెద్దగా ఎవరిని పెట్టాలో సోమవారం పదింటికి తేలుస్తానన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా మావాడు ఎదురుచూసిన కుర్చీ అది. అది అటుంచి, ఉన్న ఉద్యోగమే ఊడేలా ఉంది. అందుకని సోమవారం పొద్దున వాడి పథకం చాలా చిన్నది. చన్నీళ్ళ స్నానం చేసి, టీ జోలికి పోకుండా, చల్లటి మొహంతో వెళ్ళి ఆయన ముందు నిలబడాలి. అంతే.

అయితే కంగారులో మనిషి చేతికి అలవాటైనదే తగులుతుంది. పేపరు చూస్తూ పొగలు కక్కే టీ గ్లాసుడు తాగేశాడు. అద్దంలో చూసుకుని, "పెద్దమ్మా! వచ్చేసింది!" అని అరిచాడు.

"ఒరేయ్, లోపలి వేడి బయటికి పోవాలిరా. దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టు" అన్నాను. అవును, నేనే అన్నాను, దాచుకోవడం దేనికి? పది నిమిషాల తరువాత దుప్పటి తీస్తే, పొయ్యి మీద మరిచిపోయిన పెనంలా ఉంది మొహం.

కోడలు కుట్టుమిషను వదిలి పరుగెత్తుకొచ్చింది. "అదేంటండీ, మురికి పోకుండా ఎరుపెలా పోతుంది?" అంటూ గరుకు తువ్వాలు పెట్టి తోమింది. ఆ పైన తన మంగుకి రాసుకునే ట్యూబు తీసి దట్టంగా పట్టించింది. "మన వీధి మందుల కొట్టువాడు ఇచ్చాడు, వారంలో తెలుపు తేలుతుందట."

"నాకు వారం లేదే, గంటన్నరే ఉంది! అబ్బా, మంట!" అని మావాడు గిలగిలలాడాడు.

నీళ్ళతో కడుక్కుని, స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి వాడిలోని మేస్త్రి నిద్రలేచాడు. "మనమంతా తప్పు చేస్తున్నాం. ఎరుపుని తోమితే పోదు. ఎరుపుని పచ్చతో చంపాలి. డబ్బాలో ఎరుపెక్కువైతే నేను రోజూ చేసే పని అదే కదా!"

వాడి కూతురు బడి నాటకంలో చిలక. చిలక వేషానికి కొన్న మొహం రంగుల పెట్టె బల్ల మీదే ఉంది. చిలకపచ్చ తీశాడు, భార్య పౌడరు కలిపాడు, కాస్త పసుపూ, కాస్త గోధుమ రంగూ తగిలించాడు. ముంజేతి మీద చుక్క పెట్టి చూసి, తుడిచి, మళ్ళీ కలిపాడు. కూతురు "నాన్నా, నా ముక్కుకి పచ్చ మిగల్చవా?" అని ఏడుపు మొదలుపెట్టింది. "నీ ముక్కు ఎరుపమ్మా, నాదే పచ్చ" అని దాన్ని పక్కకు జరిపాడు.

నిజం చెప్పాలి, మొహానికి పూసుకుంటే అద్భుతంగా కలిసింది. ఎరుపు లేదు, పచ్చ లేదు, వాడి సొంత రంగే. కోడలు చుట్టూ తిరిగి చూసి, "ఏమండీ, పెళ్ళినాడు కూడా ఇంత బాగా లేరు" అంది. మేమందరం మెచ్చుకున్నాం. మెచ్చుకున్నదంతా వంటింట్లో, ట్యూబులైటు కింద.

బస్సు దిగి ఎండలోకి వచ్చాక ఆ రంగు నిజం చెప్పేసింది. ఎదురొచ్చిన ముసలాయన ఒకడు పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడట. ఎవరో పిల్ల ఏడ్చిందట. మావాడు అదంతా తన కొత్త కళ అనుకున్నాడు. దుకాణం మెట్లెక్కేసరికి చెమట పట్టి, పచ్చ చారికలు మెడదాకా దిగాయి.

గల్లాపెట్టె దగ్గర బిల్లులు రాసే గుమాస్తా కేక పెట్టాడు. "అయ్యగారూ! మేస్త్రి రంగు మింగేశాడండీ!"

యజమాని గుమ్మంలోకి వచ్చి చూశాడు. ఎండలో నిలబడ్డ మావాడు, లేత ఆకులా. ఆయనకు కిందటి వారం తానన్న మాట గుర్తొచ్చింది. గబగబా మెట్లు దిగాడు. "ఒరే నాయనా, నేనేదో మాటవరసకి అన్నానురా! దానికి ఇంత పని చేస్తావా?"

"కాదండీ, ఇది పైపైన..."

"మాట్లాడకు! కడుపులో కదులుతుంది!" అని వాణ్ణి కారులోకి తోశాడు. దారి పొడుగునా మావాడు నోరు తెరవడం, ఆయన చేత్తో మూయడం. ఆయన అరచేయి కూడా పచ్చబడింది. అది చూసి "ఒంట్లోంచి బయటికొస్తోంది!" అని డ్రైవరును ఇంకా తొందరపెట్టాడు.

గుమాస్తా మా ఇంటికి ఫోను చేసి "రంగు మింగాడు" అని పెట్టేశాడు. కోడలూ నేనూ ఆటోలో ఆస్పత్రికి ఎలా చేరామో ఆ పైవాడికే తెలియాలి. మేము వెళ్ళేసరికి నర్సు తడిగుడ్డతో వాడి మొహం తుడుస్తోంది. పచ్చ పోయింది, కింద ఇటుక బయటపడింది. "అమ్మా, ఇప్పుడు ఎర్రబడ్డాడు! తలకెక్కుతోంది!" అని యజమాని గోడ పట్టుకున్నాడు.

చర్మం డాక్టరమ్మను పిలిపించారు. సన్నగా, నిదానంగా ఉన్న మనిషి. మావాడి బుగ్గ మీదికి లైటు పెట్టి చూసింది. "పొద్దుటి నుంచి దీనికేం చేశారు?" అంది. వాడు వరసగా చెప్పాడు. టీ, ఆవిరి, తువ్వాలు, ట్యూబు, చిలక.

"ఆవిరి ఎవరు పట్టమన్నారు?"

నేను గోడ మీద గడియారం చూశాను.

"మీరేమీ మింగలేదు, తాగలేదు" అంది డాక్టరమ్మ. "దీన్ని రొసేసియా అంటారు. చర్మం కింది సన్నటి రక్తనాళాలు చిన్నదానికే ఉబ్బిపోతాయి. వేడి, ఎండ, కారం, కంగారు, సిగ్గు, ఏదైనా చాలు. మన రంగు చర్మం మీద దీన్ని చాలామంది పోల్చుకోలేరు, తాగొచ్చాడనేస్తారు. పూర్తిగా పోగొట్టలేను గానీ, అదుపులో పెట్టవచ్చు. నేనిచ్చే క్రీము రాయండి. తోమకండి. మెత్తటి సబ్బు, రోజూ సన్‌స్క్రీన్, టీ చల్లార్చుకుని తాగండి. ఏది తాగితే, ఎక్కడ తిరిగితే ఎరుపెక్కిందో ఒక పుస్తకంలో రాసుకోండి."

తరువాత కోడలు కంగారులో పట్టుకొచ్చిన ట్యూబు ఆమె చేతిలోంచి లాక్కుని చదివింది. "ఇందులో స్టిరాయిడ్ ఉందమ్మా. మొదట్లో తెల్లబడినట్టుంటుంది, తరువాత చర్మం పలచబడి ఎర్రబడుతుంది, మంగు మళ్ళీ వస్తుంది. రేపు నీకు వేరే రాసిస్తాను. మంగుకి మొదటి మందు గొడుగు. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. ఆ మిషను ఎండ పడే కిటికీ దగ్గర వేసుకుని కూర్చుంటున్నావా?"

"మీకెలా తెలుసండీ?" అంది కోడలు నోరు వెళ్ళబెట్టి.

గదిలో అందరం తేలిగ్గా ఊపిరి తీసుకున్నాం, యజమాని తప్ప. ఆయన చేతిరుమాలు తీసి చాలాసేపు మడతలు పెట్టాడు. చివరికి నీళ్ళలో ముంచి, తన మొహం గట్టిగా తుడుచుకున్నాడు. పౌడరు పోయింది. కింద ఇటుక. మావాడిది కొత్త ఇటుక, ఆయనది బాగా కాలిన పాత ఇటుక, అంతే తేడా.

"పన్నెండేళ్ళు అవుతోందమ్మా" అన్నాడు నేల చూస్తూ. "తాగానంటారని భయం. ముందు నేను ఇంకొకరిని అనేస్తే, నావైపు ఎవరూ చూడరని..."

"మీరూ కూర్చోండి" అంది డాక్టరమ్మ. "గట్టిగా తుడవవద్దని ఇప్పుడే కదా చెప్పాను?"

చీటీలు చేతపట్టుకుని వరండాలోకి వచ్చాక ఆయన మావాడి పక్కన కూలబడ్డాడు. "నన్ను క్షమించు మేస్త్రీ. ఒకటడుగుతా, నిజం చెప్పు. ఇంట్లో ఉన్నంతసేపు తేడా కనబడలేదా?"

"ఆవగింజంత కూడా లేదండీ. ఎండే ముంచింది."

"పిల్లల వేషాల పెట్టెతో అంత దగ్గరగా కలిపావంటే, ఆ కుర్చీ నీది కాక ఇంకెవరిదయ్యా!"

ఇప్పుడు కొత్త దుకాణంలో మావాడే పెద్ద. గొడుగుతో వస్తాడు, టీ ఊదుకుని తాగుతాడు. ఎరుపు అప్పుడప్పుడు వస్తుంది, పోతుంది. వాడూ యజమానీ పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని ఎవరికి ఎందుకు వచ్చిందో చూసుకుంటారు. కోడలు మిషను లోపలి గోడకు మార్చింది. మంగు సగానికి తగ్గింది. నాటకం నాడు చిలక మాత్రం నీలం రంగులో ఎగిరింది.

మీరు దీన్ని గుర్తుపెట్టుకోండి. ఎవరి మొహమైనా ఎర్రబడితే, నోరు జారేముందు వాళ్ళకు ఈ కథ చెప్పండి, నలుగురికీ చెప్పమనండి. టీ చెప్పండి, తువ్వాలు చెప్పండి, చిలక సంగతి మరీ మరీ చెప్పండి.

ఆవిరి పట్టమన్నది ఎవరో మాత్రం మీకు గుర్తులేదనండి.